చట్టము తన పని తాను చేసికొనునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాస పాఠము)



ఎచ్చటనైన ఒక ఘోరము జరిగి, అందు పలుకుబడి గల వ్యక్తి పేరు వినవచ్చినపుడు, పత్రికలవారు పోయి ఏ నాయకుని ప్రశ్నించినను ఒకే సమాధానము లభించును: “చట్టము తన పని తాను చేసికొనిపోవును.” అధికారమున నున్నవారును ఈ మాటయే యందురు. నిన్నటివరకు ప్రతిపక్షమున నుండి నేడు అధికారమునకు వచ్చినవారును ఈ మాటయే యందురు. వినుటకు సొంపైన మాట. కాని చట్టము కాగితముపై అచ్చువేసిన అక్షరము. దానికి కాళ్లు లేవు, చేతులు లేవు. ఫిర్యాదు వ్రాసికొను స్టేషను అధికారి, దర్యాప్తు చేయు ఇన్‌స్పెక్టరు, న్యాయస్థానమున ప్రభుత్వపక్షమున నిలుచు పబ్లిక్ ప్రాసిక్యూటరు, తీర్పు చెప్పు న్యాయాధికారి — ఈ నలుగురే చట్టమునకు కాళ్లును చేతులును. వారి చేతులను వేరొకరు పట్టుకొన్ననాడు చట్టము తన పని తాను చేసికొనదు. పట్టుకొన్నవారి పని చేసిపెట్టును.

కృష్ణా డెల్టా రైతుకు ఈ సంగతి విప్పి చెప్ప నక్కరలేదు. విజయవాడ వద్ద 1855 నాటికి ఆనకట్ట వెలసినది. 1957లో ప్రకాశం బ్యారేజి నిలిచినది. పైనుండి నీరు ఎంత సమృద్ధిగా వదలినను, శివారు చేలకు అది చేరుట చేరకపోవుట కాలువమీది లస్కరు చేతిలోని తాళపుచెవిని బట్టి యుండును. వంతు ప్రకారము తలుపు ఎత్తినచో శివారు రైతు నాట్లు వేసికొనును. ఎగువనున్న మోతుబరి మాటపై రాత్రివేళ తలుపు ఎత్తినచో ఒకరి చేను మునుగును, మరియొకరి చేను బీటలు వారును. అప్పుడు లోపము నీటిది కాదు, తాళపుచెవిది. నేరవిచారణ విషయమును అట్టిదే. దేశమున చట్టములకు కొదువలేదు. తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది, ఆ చేయి ఎవరి మాట వినుచున్నది అనునదియే ప్రశ్న.

ఒకప్పుడు పల్లెలో గ్రామ మునసబు శిస్తు వసూలు చేయువాడు; పోలీసు పనులును చూచువాడు; చిన్న తగవులు తీర్చు అధికారమును అతనికి కలదు. మంచివాడైన మునసబు ఉన్న ఊరు సుఖపడినది. కానివాడున్న ఊరు కష్టపడినది. పాలించు చేయి, పట్టుకొను చేయి, తీర్పు చెప్పు చేయి ఒక్కటే అయినచో ప్రజల యోగక్షేమములు ఆ ఒక్క మనుష్యుని స్వభావముపై ఆధారపడును. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయినవి. జిల్లాస్థాయిని కూడ ఇట్టి కలయికయే యుండెడిది. పాలనాధికారులే మేజిస్ట్రేటులుగ నేరములను విచారించెడివారు. అందువలననే భారత రాజ్యాంగము 50వ అధికరణమున, న్యాయశాఖను పాలనాశాఖనుండి వేరుచేయవలెనని రాజ్యమునకు ఆదేశమిచ్చినది.

ఆ వేర్పాటు తీర్పు చెప్పువారి విషయమున చాలవరకు నెరవేరినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు రాజధాని కర్నూలున నుండగా, ఉన్నత న్యాయస్థానము 1954 జూలై 5వ తేదీన గుంటూరున ప్రారంభమైనది. కోకా సుబ్బారావుగారు దానికి ప్రథమ ప్రధాన న్యాయమూర్తి. 1956లో అది హైదరాబాదునకు తరలినది. రాష్ట్ర విభజన తరువాత 2019 జనవరి 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము విజయవాడలో పని ప్రారంభించి, ఆపై అమరావతికి చేరినది. మంత్రిమండలి ఒకచోట, న్యాయపీఠము వేరొకచోట ఉండుట తెలుగువారికి క్రొత్త కాదు. ఊర్లు వేరగుటకంటె మనస్సులు వేరుగా నుండుట ముఖ్యము. ఆ వేరుతనము న్యాయమూర్తికి రాజ్యాంగము వలన లభించినది. న్యాయమూర్తి ముందునకు కేసును కొనివచ్చువారికి అది ఎంత లభించినదో విచారింపవలసియున్నది.

పబ్లిక్ ప్రాసిక్యూటరు అనగా పోలీసువారి వకీలు అని పల్లెలలో భావించుట కలదు. అది సరికాదు. అతడు శిక్ష వేయించుటకే కట్టుబడినవాడును కాడు. ప్రభుత్వపు జీతము గైకొనినను అతడు ప్రజల పక్షమున, న్యాయము పక్షమున నిలుచువాడు. దర్యాప్తులో దొరికిన సాక్ష్యము నిందితునకు అనుకూలముగ నున్నను దానిని దాచక కోర్టు ముందుంచుట అతని ధర్మము. సాక్ష్యము గట్టిగ నున్నపుడు నిందితుడు ఎంతటివాడైనను వెనుదీయకుండుటయు అతని ధర్మమే. త్రాసు పట్టినవాడు సరకు ఎవరిదని చూడడు.

అట్టివాని చేతిలో చట్టము ఒక పెద్ద తాళపుచెవి నుంచినది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 321వ సెక్షను ప్రకారము, కోర్టు అనుమతితో ప్రాసిక్యూటరు ఒక కేసును ఉపసంహరించుకొనవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదియే 360వ సెక్షనుగ నిలిచినది. అభియోగములు నిర్ణయింపక పూర్వము ఉపసంహరించినచో నిందితుడు కేసునుండి విడుదలయగును. నిర్ణయించిన పిమ్మట అయినచో నిర్దోషిగ ప్రకటింపబడును. ఇచ్చట గమనింపదగిన అంశము ఒకటి కలదు. చట్టము ఈ అధికారమును మంత్రికి ఈయలేదు, కలెక్టరునకు ఈయలేదు. ప్రాసిక్యూటరునకు ఇచ్చినది, కోర్టును పైన కావలి పెట్టినది. ప్రభుత్వము సలహా చెప్పవచ్చును. ప్రాసిక్యూటరు కాగితములు తాను చదివి, తాను ఆలోచించి, తన మనస్సాక్షితో నిర్ణయింపవలెను. పైనుండి వచ్చిన ఉత్తర్వునకు ముద్రవేయు తపాలా బంట్రోతు కాడతడు.

ఉపసంహరణ ఎల్లప్పుడు చెడ్డదే యనుట న్యాయము కాదు. తెలంగాణ ఉద్యమకాలమున విద్యార్థులపై పెట్టిన కేసులలో అనేకము రాష్ట్రము ఏర్పడిన పిమ్మట ఉపసంహరింపబడినవి. ఉద్యమము ముగిసి జనము శాంతించిన తరువాత వేలమంది యువకులను కోర్టుల చుట్టు త్రిప్పుటవలన సంఘమునకు మేలు కలుగదు. ఎమర్జెన్సీ కాలపు బరోడా డైనమైటు కేసును ప్రభుత్వము మారిన పిమ్మట ఉపసంహరింపగా, సుప్రీంకోర్టు 1980లో దానిని సమ్మతించినది. అయితే ఆ తీర్పులోనే, ప్రాసిక్యూటరు తన విచక్షణను ఇతరులకు అప్పగింపరాదని స్పష్టము చేసినది. కావున కక్ష చల్లార్చుటకు, శాంతి నెలకొల్పుటకు తెరచిన తలుపు అది. ఆ తలుపుగుండ అపరాధులు అధికారుల వెంట బయటికి నడచిపోయినచో అది తలుపుయొక్క దోషము కాదు, కావలివాని దోషము.

బీహారు ముఖ్యమంత్రిగా పనిచేసిన జగన్నాథ మిశ్రగారిపై పాట్నా నగర సహకార బ్యాంకు వ్యవహారమున ఒక కేసు నడచినది. ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయిన పిమ్మట ఆ కేసు ఉపసంహరణకు కోర్టులో దరఖాస్తు పడినది. అది సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము వరకు పోయినది. 1986 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తులు ఉపసంహరణను సమర్థించిరి, ఇద్దరు విభేదించిరి. నిందితుడు తానే నడుపు ప్రభుత్వము తనపై కేసును తీసివేయవచ్చునా అను ప్రశ్నకు అయిదుగురు పెద్దలలోనే ఏకాభిప్రాయము లేకపోయినది.

కేరళలో 2015 మార్చి 13వ తేదీన బడ్జెటు సమర్పణ సమయమున శాసనసభలో గందరగోళము జరిగి, కుర్చీలు, మైకులు, కంప్యూటర్లు ధ్వంసమైనవి. నష్టము 2,20,093 రూపాయలని లెక్క వేసిరి. పక్షము మారి అధికారమునకు వచ్చిన ప్రభుత్వము ఆ కేసును తీసివేయుటకు పూనుకొన్నది. 2021 జూలై 28వ తేదీన సుప్రీంకోర్టు అందుకు అంగీకరింపలేదు. శాసనసభ్యులకుగల ప్రత్యేక హక్కులు సభలో మాటలాడుటకే గాని సామానులు విరుగగొట్టుటకు కావని ఆ తీర్పు సారాంశము. కొలది దినములలోనే, ఆగస్టు 10వ తేదీన, పార్లమెంటు సభ్యులపై, శాసనసభ్యులపై, పూర్వము ఆ పదవులలో నుండినవారిపై గల ఏ కేసును గాని ఆయా ఉన్నత న్యాయస్థానముల అనుమతి లేనిదే ఉపసంహరింపరాదని సుప్రీంకోర్టు ఆదేశించినది. ఇట్టి కట్టుబాటు అవసరమైనదనుటయే, అంతకు పూర్వము ఎట్లు జరుగుచుండెనో తెలియజేయుచున్నది.

దూరపు సంగతులు విడిచి డెల్టా నేలమీది సంగతులకు వచ్చెదరు గాక. తెనాలికి సమీపమున చుండూరు గ్రామము కలదు. నాడు అది గుంటూరు జిల్లాలోనిది. 1991 ఆగస్టు 6వ తేదీన ఆ ఊరి దళితవాడవారిని పొలములలో తరిమి ఎనిమిదిమందిని చంపిరి. శవములు కాలువలలో, డ్రెయినులో దొరికినవి. డెల్టాకు అన్నము పెట్టు నీరే ఆనాడు ఆ ఎనిమిదిమందిని మోసినది. అంతకు ఆరేండ్ల పూర్వము, 1985 జూలై 17వ తేదీన, కారంచేడున ఆరుగురు దళితులు హతులైరి. ఆ కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పు చెప్పునప్పటికి 2008వ సంవత్సరము వచ్చినది. ఇరువదిమూడు సంవత్సరములు! నాడు తల్లి ఒడిలో నున్న బిడ్డకు పెండ్లి అయి బిడ్డలు పుట్టునంత కాలము.

కారంచేడు నేర్పిన పాఠమును చుండూరు బాధితులు మరువలేదు. నష్టపరిహారముతో వారు తృప్తి చెందలేదు. ఊరినుండి దూరముగ ఏ పట్టణములోనో విచారణ జరిగినచో సాక్షులు రాలేరనియు, ఎవరో ఒక ప్రాసిక్యూటరును నియమించినచో అతడు ఎవరి మాట వినునో తెలియదనియు వారు ఎరుగుదురు. కావున రెండు కోరికలు కోరిరి. ప్రత్యేక న్యాయస్థానము చుండూరులోనే యుండవలెను. కేసు నడుపువాడు తాము విశ్వసించినవాడై యుండవలెను. ఏండ్ల తరబడి పోరాడి ఆ రెంటిని సాధించిరి. పౌరహక్కుల ఉద్యమమున పేరొందిన న్యాయవాది బి. చంద్రశేఖర్ గారు ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుగ నియమితులైరి. నేరము జరిగిన ఊరిలోనే ధర్మాసనము కొలువుతీరినది. కూలిపని మాని పట్టణమునకు పోనక్కరలేకయే సాక్షులు నడచివచ్చి సాక్ష్యము చెప్పిరి.

2007 జూలై 31వ తేదీన ప్రత్యేక న్యాయస్థానము 21 మందికి యావజ్జీవ శిక్షను, 35 మందికి ఒక సంవత్సరపు శిక్షను విధించినది. 2014 ఏప్రిల్ 22వ తేదీన ఉన్నత న్యాయస్థానము, సాక్ష్యము చాలదని, శిక్ష పడిన వారినందరిని నిర్దోషులుగ విడిచిపెట్టినది. వ్యవహారము సుప్రీంకోర్టునకు చేరినది. ఆ ఏడే సుప్రీంకోర్టు ఉన్నత న్యాయస్థానపు తీర్పు అమలును నిలిపివేసినది. ఏ తీర్పు సరియైనదో ఈ సభలో తేల్చుట తగదు. సాక్ష్యమును తూచుట న్యాయమూర్తుల పని. అయినను ఒక్క విషయము నిస్సంశయముగ చెప్పవచ్చును. ప్రాసిక్యూటరుపై నమ్మకము కుదిరిన చోట పేదవాడు భయము విడిచి బోనెక్కినాడు. నమ్మకము లేనిచోట సాక్షి నోటిమాట ఇంటి గడప దాటదు. షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నివారణ చట్టపు 1995 నాటి నియమావళిలో, బాధితులు కోరినచో పేరుపొందిన న్యాయవాదిని నియమింపవచ్చునను నియమము కలదు. ఆ నియమము కాగితముపై నుండుట వేరు, దానిని పట్టుబట్టి అడుగుట వేరు. చుండూరువారు అడిగిరి.

విజయవాడ చెంతనున్న ఇబ్రహీంపట్నమున 2007 డిసెంబరు 27వ తేదీన ఒక వసతిగృహమున ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురియైనది. 2008లో ఒక దళిత యువకుని పోలీసులు పట్టుకొని, ఆతడే హంతకుడనిరి. 2010లో విజయవాడ మహిళా సెషన్సు కోర్టు ఆతనికి 14 ఏండ్ల శిక్ష వేసినది. విచిత్రమేమనగా, బిడ్డను పోగొట్టుకొన్న తల్లియే, ఈ కుర్రవాడు హంతకుడు కాడని పదే పదే మొరపెట్టుకొన్నది. పలుకుబడి గలవారిని కాపాడుటకు నిరపరాధిని ఇరికించిరని తలిదండ్రులు ఆరోపించిరి. ఆ ఆరోపణ ఏ కోర్టులోను రుజువు కాలేదు. కావున ఎవరి పేరును ఎత్తుట ధర్మము కాదు. రుజువైనది వేరొకటి కలదు. 2017 మార్చి 31వ తేదీన ఉన్నత న్యాయస్థానము ఆ యువకుని నిర్దోషిగ ప్రకటించి, లక్ష రూపాయలు చెల్లింపుమని ఆదేశించి, దర్యాప్తు తీరును తీవ్రముగ తప్పుపట్టినది. 2018లో కేసును తిరిగి దర్యాప్తు చేయుటకు సి.బి.ఐ.కి అప్పగించినది.

ఎనిమిదేండ్లకు పైగా చెరసాలలో గడచిన యౌవనమునకు లక్ష రూపాయలు వెల! ఒక తల్లి కూతురిని పోగొట్టుకొన్నది. మరియొక తల్లి కొడుకును చెరసాల గోడల వెనుక పోగొట్టుకొన్నది. ఇరువురికిని న్యాయము దక్కలేదు. దర్యాప్తు నిలకడగ, నిర్భయముగ జరుగనిచో అపరాధి తప్పించుకొనుట సగము నష్టమే. మిగిలిన సగము నిరపరాధి శిరస్సుపై పడును. ఈ సత్యమును పల్లెవారు తరచు మరతురు.

2016 జనవరి 31వ తేదీన తుని వద్ద, కాపు రిజర్వేషన్ల సభ జరిగిన దినమున, విశాఖపట్నము - విజయవాడ మధ్య నడచు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్సును తగులబెట్టిరి. పట్టపగలు, వేలమంది చూచుచుండగ జరిగిన కార్యము. 2023 మే 1వ తేదీన విజయవాడ రైల్వే కోర్టు 41 మందిని నిర్దోషులని ప్రకటించి, దర్యాప్తు జరిపినవారిని తప్పుపట్టినది. ఆ తీర్పుపై అప్పీలుకు పోవలెనని 2025 జూన్ మొదటి వారమున రాష్ట్ర ప్రభుత్వమునుండి ఉత్తర్వు వెలువడినది. దానిపై గగ్గోలు రేగగనే ఆ ఉత్తర్వు వెంటనే రద్దయినది. ఆ 41 మంది దోషులో నిర్దోషులో తీర్పు చెప్పినది కోర్టు. ఆ తీర్పును గౌరవింపవలెను. కాని అప్పీలు చేయుట చేయకుండుట సాక్ష్యమును బట్టి ఒక ప్రాసిక్యూటరు నిర్ణయింపవలసిన విషయము. ఒకనాడు ఔనని, మరునాడు కాదని మారుటకు కారణము సాక్ష్యమా, ఓట్లా అను సందేహము ప్రజలకు కలిగినచో, ఆ సందేహమే న్యాయమునకు తగిలిన గాయము. బండి కాలినది; కాల్చినదెవరో మాత్రము తేలలేదు.

శిక్షపడిన పిమ్మటకూడ పలుకుబడి పనిచేయుట కలదు. కర్నూలు జిల్లాలో ప్రత్యర్థి పక్షమువారి హత్య కేసున గౌరు వెంకటరెడ్డి అను నాయకునకు పదేండ్ల శిక్ష పడినది. 2005 ఆగస్టులో, ఆయన పక్షము అధికారమున నుండగ, మిగిలిన సుమారు ఏడేండ్ల శిక్షను గవర్నరు పేర తీసివేసిరి. అందుకు పంపిన నివేదికలలో ఆయన మంచి పార్టీ కార్యకర్త అనునదియు ఒక కారణముగ వ్రాసిరి. హతుని కుమారుడు ఏపూరు సుధాకర్ సుప్రీంకోర్టున వేసిన దావాపై 2006 అక్టోబరు 11వ తేదీన ఆ క్షమాభిక్ష రద్దయినది. కులము, మతము, రాజకీయ విధేయత — ఇట్టివి క్షమకు కారణములు కారాదనియు, అట్లయినచో గవర్నరు ఉత్తర్వును సైతము కోర్టు పరిశీలింపవచ్చుననియు నిర్ణయమైనది. క్షమ గొప్ప గుణమే. కాని క్షమించు హక్కు గాయపడినవానిది; ఆ గాయమును లెక్కచేయని పక్షమువారిది కాదు.

ఇట్టి దోషములకు మూలమెచ్చట నున్నది? జిల్లా పబ్లిక్ ప్రాసిక్యూటరు నియామకమునకు కలెక్టరు సెషన్సు జడ్జితో సంప్రదించి పేర్ల పట్టిక తయారుచేయును. ప్రభుత్వము అందులోనుండి ఎంచుకొనును. ఏడేండ్ల అనుభవముండవలెను. కాగితముపై పద్ధతి మంచిదే. ఆచరణలో ప్రభుత్వము మారినప్పుడు అడ్వకేటు జనరలుతో మొదలుకొని ప్రభుత్వ న్యాయవాదులవరకు మారుట పరిపాటియైనది. ఉత్తరప్రదేశ్‌లో 1990లో అన్ని జిల్లాల ప్రభుత్వ న్యాయవాదులను ఒక్క కలముపోటుతో తొలగింపగా, సుప్రీంకోర్టు దానిని స్వేచ్ఛాచారమని కొట్టివేసినది. పదవి పక్షముతో వచ్చి పక్షముతో పోవునదియైనచో, ఆ పదవిలోనివాడు కేసు కట్ట విప్పుటకు పూర్వము నిందితుని జెండా రంగును చూచును.

ప్రాసిక్యూషను డైరెక్టరేటు హోంశాఖ క్రింద నున్నది. పోలీసుశాఖయు ఆ శాఖ క్రిందనే యున్నది. పట్టుకొనువాడును, పట్టుకొన్నది సరియో కాదో చూడవలసినవాడును ఒక్క చూరు క్రిందనే యున్నారు. పోలీసు అధికారుల స్థితి యింకను కష్టము. మాట వినని ఇన్‌స్పెక్టరును శిక్షింపనక్కరలేదు. బదిలీ చేసిన చాలును. బడిలో చదువు పిల్లలతో, వృద్ధులైన తలిదండ్రులతో సంసారము మూటగట్టుకొని పోవలసినవానికి ఆ బదిలీయే శిక్ష. 2006 సెప్టెంబరు 22వ తేదీన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, స్టేషను అధికారికి, జిల్లా ఎస్.పి.కి కనీసము రెండేండ్లు స్థిరముగ పనిచేయు వీలుండవలెననియు, నేర దర్యాప్తును శాంతిభద్రతల పనినుండి వేరుచేయవలెననియు ఆదేశించినది. ఆ ఆదేశముల ఆశయము పూర్తిగ నెరవేరిననాడు నాయకుని టెలిఫోనుకు బలము తగ్గును.

ఇంతవరకు నాయకుల దోషములు, ప్రభుత్వముల దోషములు చెప్పుకొనుట సులభము. సభలోనివారు చప్పట్లు కొట్టుటకును అది అనుకూలము. కాని ఆ టెలిఫోనును నాయకుని చేతికిచ్చినది ఎవరు? గట్టు తగాదాలో కొడుకును స్టేషనుకు కొనిపోయిన రాత్రి, తండ్రి మొదట పరుగెత్తునది వకీలు ఇంటికి కాదు, శాసనసభ్యుని యింటికి. “ఒక్కమాట చెప్పుడు బాబూ” అని బ్రతిమాలును. ఆ ఒక్కమాటతో కొడుకు తెల్లవారకముందే యింటికి వచ్చినచో నాయకుడు దేవుడగును. మరునాడు ఎదుటివాని కొడుకును అదే ఒక్కమాట విడిపించినచో ఊరిలో న్యాయము చచ్చినదని అదే తండ్రి వాపోవును. సిఫారసు తనకైనచో సాయము, ఎదుటివానికైనచో అన్యాయము — ఇట్టి రెండు తూకములున్న ఊరిలో ప్రాసిక్యూటరు ఒక్క తూకముతో నిలువవలెననుట అత్యాశ. ఓటు వేయునాడు “మనవాడు స్టేషనులో పని చేయించగలడు” అను యోగ్యతను చూచి ఓటు వేసినవారు, వాడు స్టేషనులో పని చేయించినపుడు ఆశ్చర్యపడుట ఎందుకు?

సాక్షుల సంగతియు అట్లే. కోర్టులో చూచినది చూచినట్లు చెప్పెదనని ప్రమాణము చేసి, ఊరి పెద్దలు రాజీ చేసిరని బోనులో మాట మార్చుట పల్లెలలో లోకజ్ఞానముగ చెలామణి యగుచున్నది. ప్రాసిక్యూటరు ఎంత నిజాయితీపరుడైనను సాక్షి నోరు మూసికొన్న పిమ్మట అతడు చేయగలిగినది లేదు.

చట్టము సామాన్యునకు ఇచ్చిన ఆయుధములును కలవు. వాని నెరుగకుండుట వలననే అవి తుప్పుపట్టుచున్నవి. ఫిర్యాదు చేసినవానికి ప్రథమ సమాచార నివేదిక నకలు ఉచితముగ నీయవలెను. దర్యాప్తు ఎంతవరకు వచ్చినదో తొంబది దినములలో ఫిర్యాదుదారునకు, బాధితునకు తెలుపవలెనని క్రొత్త సంహిత చెప్పుచున్నది. కేసును ఉపసంహరింపదలచినపుడు బాధితుని మాట వినక కోర్టు అనుమతింపరాదని 360వ సెక్షనున క్రొత్తగ చేర్చిరి. పూర్వపు 321వ సెక్షనున ఇట్టి వాక్యము లేదు. నిందితుని విడిచిపెట్టిన తీర్పుపై ప్రభుత్వము అప్పీలు చేయకున్నను, బాధితుడు తాను అప్పీలు చేయవచ్చునని 2009 నుండి చట్టము హక్కిచ్చినది. ఈ నాలుగు విషయములు తెలిసిన కూలివానిని స్టేషను గుమ్మమునుండి గెంటివేయుట కష్టము.

ఇచ్చటనే గ్రంథాలయము పని ప్రారంభమగును. 1914లో విజయవాడ రామమోహన గ్రంథాలయమున ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు తొలి మహాసభ జరిపిరి. 1935లో కొల్లిపర - పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవమీద పుస్తకములు తిరిగినవి. కాలువగట్టున కూర్చున్న కూలివాడు పడవ ఆగినంతసేపు చదువుకొనెడివాడు, చదువురానివాడు వినెడివాడు. ఆ పెద్దలు పుస్తకములను కాలక్షేపమునకై పంచలేదు. తలయెత్తి ప్రశ్నించు మనుష్యులను పెంచుటకు పంచిరి. ఆ పడవ నడచిన కాలువల ప్రాంతముననే, చుండూరున, ఎనిమిదిమంది శవములు నీట తేలినవి. జ్ఞానము నడచిన త్రోవలోనే అజ్ఞానమును నడచినదనుట ఎంతటి దుఃఖము!

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఇకముందు ఒక బీరువాను చట్టములకై కేటాయించినచో మేలు. రాజ్యాంగము, నూతన నేర సంహితలు, ప్రజలకు ఉపయోగపడు చిన్న పొత్తములు తెలుగున నుండవలెను. వారమునకొక సాయంత్రము చదువరియైన యువకుడు ఒక సెక్షనును చదివి పెద్దలకు అర్థము చెప్పవలెను. ఊరివారి కేసు ఏ కోర్టులో ఎచ్చటికి వచ్చినదో నేడు సెల్‌ఫోనులోనే చూడవచ్చును. చూచుట రానివారికి చూపుటయు గ్రంథాలయసేవయే. ఏ పక్షపు జెండాయు లేని నీడ ఊరిలో ఇది యొక్కటియే. ఇచ్చట కూర్చుండి మాటలాడు విషయములలో న్యాయమునకు మొదటి పీట వేయవలెను.

కాలువమీది లస్కరు ఒంటరివాడు. ఎగువ మోతుబరి బెదిరించు రాత్రి అతని వెంట ఎవరును ఉండరు. శివారు రైతులు లాంతరులు పట్టుకొని వచ్చి గట్టుమీద కూర్చున్న రాత్రి మాత్రము అతడు తాళపుచెవిని వంతు ప్రకారమే త్రిప్పును. నిర్భయుడైన ప్రాసిక్యూటరును, నిజాయితీగల ఇన్‌స్పెక్టరును, సత్యము చెప్పు సాక్షియు అట్టి ఒంటరివారే. వారికి అండగ గట్టుమీద కూర్చుండు ప్రజలున్ననాడు, చట్టము తన పని తాను చేసికొనును. అంతవరకు ఆ మాట నాయకుల నోట వినవచ్చినపుడెల్ల, “ఎవరి చేతులతో?” అని ఒక్క ప్రశ్న వేయుట పౌరుని విధి.